కరెంటు వచ్చిన మొదటి పది సెకన్లు

2018 మార్చిలో ఒక పొద్దున, ఇంకా ఆరు కూడా కాలేదు, బాపు ఫోన్ చేసిండు. నేనప్పుడు నాచుపల్లిలో, జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చివరి సంవత్సరం చదువుతున్నా. కాలేజీ ఉన్నది మా కొడిమ్యాల మండలంలోనే, కొండగట్టు పక్కన.

"కరెంటు ఉన్నది. స్టార్టర్ పట్టుకున్నది. నీళ్లు మాత్రం వస్తలేవురా. డబ్బా కాడ ఏదో మాడిన వాసన వస్తాంది."

వరి పొట్ట మీద ఉంది. ఆ టైములో నాలుగు రోజులు నీళ్లు ఆగితే ఏమైతదో పొలం ఉన్నోళ్లకు చెప్పక్కర్లేదు. నేను గబగబా పొలం కాడికి పోయి, ఏదో తెలిసినట్టు స్టార్టర్ డబ్బా తెరిచి చూసి, "ఫ్యూజు పోయుంటది బాపూ" అన్న. ఫ్యూజు పోయిన మాట నిజమే. కానీ అది కథలో సగమే.

ట్రైపాడ్ పెట్టి, రెండు వందల అడుగుల బోరులోంచి పైపులు ఒక్కొక్కటే తీసి, మోటరును జగిత్యాలలో వైండింగ్ షాపుకు పట్టుకపోయినం. అక్కడి మేస్త్రీ దాన్ని విప్పి, అర నిమిషం లోపల చూసి, తల కూడా ఎత్తకుండా అన్నడు: "మోటరుది తప్పు లేదు కాకా. మీ ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఒక ఫేజు పోయింది. ఆ ఒక్క ఫేజు లేకుండ మోటరు లేవబోయింది."

ఎట్ల తెలిసిందని అడిగిన. వేలు పెట్టి చూపించిండు. లోపల మూడు చుట్ల తీగలుంటే, రెండు చుట్లకు ప్లాస్టిక్ తొడుగు కరిగి నల్లటి ముద్దయింది. మూడో చుట్టు నిన్ననే చుట్టినట్టు మెరుస్తాంది. "ఓవర్‌లోడయితే మూడూ మాడుతయి తమ్మీ. రెండే మాడితే ఒక ఫేజు రాలేదన్నట్టు."

స్టార్ కనెక్షన్ ఉన్న మోటరుకు అది అచ్చంగా నిజం. డెల్టా కనెక్షన్ అయితే ఒక్క చుట్టే మాడుతుంది, రెండు బాగుంటాయి. ఇండక్షన్ మోటరు సర్క్యూటు కాగితం మీద గీసి మార్కులు తెచ్చుకున్న నాకు, కాలిన మోటరును చదవడం రాలేదు. ఆయనకు వచ్చు. ఈ వారం కాలమ్ ఆ మేస్త్రీ నేర్పిన పాఠం గురించి: మోటరు ఎట్ల తిరుగుతుంది, దాన్ని ఎట్ల అదుపు చేస్తారు, ఎందుకు కాలుతుంది.

ఇసుర్రాయి చుట్టూ మూడు చేతులు

మన బోరు మోటరు లోపల బయటివైపు కదలని భాగం, నడుమ తిరిగే భాగం. కదలని భాగంలో మూడు చుట్ల రాగి తీగ. మూడు ఫేజుల కరెంటు ఒక్కొక్క చుట్టులోకి ఒకటి. ఈ మూడు కరెంట్లు ఒకేసారి పెరిగి ఒకేసారి తగ్గవు. ఒకటి గరిష్ఠానికి చేరి తగ్గుతుంటే రెండోది పెరుగుతుంటుంది, దాని వెనుక మూడోది. సెకనుకు 50 సార్లు ఇదే వరస.

ఇసుర్రాయి చుట్టూ ముగ్గురు కూసున్నరనుకోండి. పిడి తన ముందుకు వచ్చినప్పుడు ఒకరు లాగి వదులుతారు, వెంటనే రెండో మనిషి అందుకుంటుంది, తర్వాత మూడో మనిషి. రాయి ఆగకుండా గుండ్రంగా తిరుగుతుంది. మోటరులో తిరిగేది ముందు అయస్కాంత బలం. ఆ బలం వెంటపడి నడుమ భాగం తిరుగుతుంది. నడుమ భాగానికి తీగ కలపాల్సిన పని లేదు, అయస్కాంతం తిరగడమే దాంట్లో కరెంటు పుట్టిస్తుంది. నికోలా టెస్లా 1888లో పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇదే. ఇంచుమించు అదే కాలంలో ఇటలీలో ఫెరారిస్ కూడా దీన్ని కనిపెట్టాడు. 137 ఏండ్లు దాటినా మన పొలం కాడ తిరిగేది అదే మోటరు.

బోరు మోటర్లలో ఎక్కువగా ఈ అయస్కాంతం నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది. నడుమ భాగం దాన్ని ఎన్నటికీ అందుకోలేదు, 2850 చుట్టుపక్కల తిరుగుతుంది. ఆ తేడానే దాన్ని లాగే బలం. అందుకుంటే లాగుడే ఉండదు.

ఇప్పుడు ముగ్గురిలో ఒకరు లేచిపోయారనుకోండి. రాయి అప్పటికే జోరుగా తిరుగుతుంటే మిగిలిన బలంతో ఎట్లనో తిరుగుతూనే ఉంటది. కానీ ఆగి ఉన్న రాయిని తిప్పాలంటే? ఒక ఫేజు పోతే మోటరులో మిగిలేది గుండ్రటి బలం కాదు, ఇటు ఒక గుంజు, అటు ఒక గుంజు. ఏ దిక్కు తిరగాల్నో రాయికి తెలియదు. కదలదు. మూలుగుతుంది. బోరులో రెండు వందల అడుగుల కింద మూలిగితే పైకి వినపడదు కూడా.

బండి కదిలేదాకానే

నిండు బస్తాలతో ఉన్న ఎడ్లబండి ఆగిన చోటు నుంచి కదలాలంటే ఎడ్లు ఎంత బలం పెడతాయో చూసిన వాళ్లకు మోటరు స్టార్టింగు అర్థమైనట్టే. ఒకసారి చక్రం తిరిగితే బండి దాని దారిన అది పోతుంది. కదిలేదాకానే కష్టం.

మోటరు తిరుగుతున్నప్పుడు దానిలో ఒక ఎదురు వోల్టేజీ పుడుతుంది. బయట నుంచి వచ్చే కరెంటును అది అడ్డుకుంటుంది. ఆగి ఉన్నప్పుడు ఆ అడ్డం ఉండదు. అందుకే మీట వేసిన క్షణంలో మామూలు కరెంటుకు 5 నుంచి 7 రెట్లు లాగుతుంది. 5 హెచ్‌పీ మోటరు లోడు మీద 8 ఆంపియర్ల దాకా తీసుకుంటే, స్టార్టింగులో 45 ఆంపియర్లు దాటుతుంది. అన్నీ బాగుంటే ఇది ఒకటి రెండు సెకన్ల ముచ్చట. మోటరు వేగం అందుకోగానే కరెంటు దిగుతుంది.

ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. తీగలో వేడి కరెంటుతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. కరెంటు 6 రెట్లయితే వేడి 36 రెట్లు. రెండు సెకన్లకు తీగ తట్టుకుంటది. ఒక నిమిషం తట్టుకోదు. బోరు మోటరు చల్లబడేది తన పక్క నుంచి పారే నీళ్లతోనే, మోటరు తిరగకపోతే ఆ నీళ్లూ పారవు.

ఇంకో లెక్క: మోటరు లాగే బలం వోల్టేజీ వర్గం మీద ఆధారపడుతుంది. వోల్టేజీ 80 శాతానికి పడిపోతే బలం 64 శాతానికి పడిపోతుంది. అంటే లైను చివర, వోల్టేజీ తక్కువ ఉన్న చోట, మోటరు లేవడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఎక్కువ సేపంటే ఎక్కువ వేడి.

డబ్బాలో ఏముంది?

ఆకుపచ్చ బటను నొక్కితే "టక్" మంటుంది, ఎర్ర బటను నొక్కితే వదిలేస్తుంది. మనకు స్టార్టర్ అంటే ఇంతే. లోపల రెండే ముఖ్యమైన సామాన్లు.

ఒకటి కాంటాక్టరు. అందులో చిన్న కాయిల్ ఉంటుంది. కాయిల్‌కు కరెంటు అందితే అది అయస్కాంతమై మూడు ఫేజుల పట్టీలను కలిపి పట్టుకుంటుంది. కరెంటు పోతే వదిలేస్తుంది. అందుకే కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు మోటరు దానంతట అది లేవదు, ఎవరో ఒకరు పోయి బటను నొక్కాలి. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ.

రెండోది ఓవర్‌లోడ్ రిలే. మోటరు ఎక్కువ కరెంటు ఎక్కువ సేపు తీసుకుంటే రిలేలోని లోహపు పట్టీలు వేడికి వంగి, కాయిల్‌కు కరెంటు తెంపేస్తాయి.

ఇప్పుడు ఒక చిన్న సంగతి. నాకు దీని అర్థం చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ కాయిల్ రెండు ఫేజుల మధ్యనే కలిపి ఉంటుంది. ఎర్ర ఫేజు, పసుపు ఫేజు మీద ఉందనుకోండి. వాటిలో ఏది పోయినా కాయిల్ వదిలేస్తుంది, మోటరు బతుకుతుంది. నీలం ఫేజు పోతే కాయిల్‌కు ఆ సంగతే తెలియదు. గట్టిగా పట్టుకునే ఉంటుంది. పైన దీపం వెలుగుతుంది, స్టార్టర్ పట్టుకున్నట్టే కనిపిస్తుంది, కింద మోటరు మాడుతుంటుంది. బాపు ఫోనులో చెప్పింది అక్షరాలా ఇదే. అప్పుడు నాకు అర్థం కాలేదు.

మరి ఓవర్‌లోడ్ రిలే ఏం చేసింది? దాన్ని ఏడాది కిందనే పక్కకు తప్పించి తీగ డైరెక్ట్ చేసిండు బాపు. "ఊకె ఊకె కొట్టేస్తుండె, పొద్దంత దాని చుట్టే తిరుగుడైతుండె" అన్నడు. రిలే ఊరికే కొట్టేయదు. లో వోల్టేజీ ఉందనో, బోరులో ఇసుక వస్తుందనో, బేరింగ్ అరిగిందనో ఏదో ఒకటి చెప్పబోతుంటుంది. కానీ నీళ్లు పారాల్సిన గంటలో మోటరు ఆపే సామాను మీద ఎవరికి మాత్రం ప్రేమ ఉంటది?

ఆటో స్టార్టర్ ఎందుకొచ్చింది

కరెంటు రాగానే మనిషి లేకుండా మోటరు లేచేటట్టు చేసేదే ఆటో స్టార్టర్. అది సోమరితనంతో పుట్టింది కాదు. వ్యవసాయానికి రోజుకు ఏడు గంటలో తొమ్మిది గంటలో, అది కూడా విడతల్లో, అందులో ఒక విడత రాత్రి పూట కరెంటు ఇచ్చిన కాలంలో పుట్టింది. టార్చిలైటు పట్టుకుని అర్ధరాత్రి గెట్టు మీద నడిచి, పాములను తప్పించుకుని, తడి చేతులతో డబ్బా ముట్టిన వాళ్లలో కొందరు తిరిగి రాలేదు. ఆటో పెట్టుకుంటే ఇంట్లో పండుకోవచ్చు. దాన్ని ఎవరు తప్పంటారు?

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అప్పటికి రాష్ట్రంలో వ్యవసాయ కనెక్షన్లు 23 లక్షల దాకా ఉన్నాయి. ఇక రాత్రి పూట లేచే అవసరం లేదు కాబట్టి ఆటో స్టార్టర్లు తీసేయండని విద్యుత్ సంస్థలు రైతులను మళ్లీ మళ్లీ కోరాయి. చెప్పిన కారణాలు రెండు. మోటర్లు అవసరం లేకున్నా తిరిగి భూగర్భ జలాలు అడుగంటుతాయని ఒకటి. అన్నీ ఒకేసారి లేచి లైన్ల మీద, ట్రాన్స్‌ఫార్మర్ల మీద భారం పడుతుందని రెండోది.

మా బాపు తీయలేదు. "ఇరువై ఏండ్లు రాత్రి కరెంటు కోసం లేచినోన్ని. ఒక్క జనవరితోని అలవాటు పోతదారా?"

ఆ రాత్రి జరిగింది

మా ట్రాన్స్‌ఫార్మర్ 25 కేవీఏది. దాని మీద నాలుగు మోటర్లు, అన్నీ 5 హెచ్‌పీ. ఆ సైజు ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజు మీద నింపాదిగా ఇయ్యగలిగేది సుమారు 35 ఆంపియర్లు. నాలుగు మోటర్లూ తిరుగుతుంటే 30 దాకా తీసుకుంటాయి. సరిపోయింది.

ఆ రాత్రి గాలిదుమారం లేచి కరెంటు పోయింది. కొంతసేపటికి వచ్చింది. నాలుగు మోటర్లకూ ఆటో ఉంది. నాలుగూ అదే క్షణంలో లేవబోయినయి. నాలుగు నలభై అయిదులు 180. ముప్పై అయిదు ఇచ్చే దాని నుంచి నూట ఎనభై గుంజుతున్నారు. వోల్టేజీ కుంగింది. వోల్టేజీ కుంగితే ఏ మోటరూ తొందరగా లేవదు. రెండు సెకన్లలో దిగాల్సిన కరెంటు ఐదు సెకన్లైనా, పది సెకన్లైనా దిగలేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాడ మూడు ఫ్యూజుల్లో సన్నగా ఉన్న నీలం ఫేజు తీగ ముందు తెగింది.

అప్పటికి వేగం అందుకున్న మోటర్లు రెండు ఫేజుల మీదనే కాసేపు కుంటుకుంటూ తిరిగినయి. అట్ల తిరిగే మోటరు మిగిలిన రెండు తీగల్లోంచి మామూలుకు 1.7 రెట్లు కరెంటు గుంజుతుంది. వాటికి రిలేలు బాగున్నాయి కాబట్టి అవి కొట్టేసినయి. లైను చివర ఉన్న మాది ఇంకా లేవనే లేదు. రిలే లేదు. ఆటో కూడా ఫేజులు చూసుకునే తెలివి లేని చవక రకం. పట్టుకునే ఉంది. ఒకటి రెండు నిమిషాల్లో అయిపోయి ఉంటుంది. బాపు పొద్దున చూసేసరికి వాసన మిగిలింది.

కాబట్టి మోటరు కాలింది మోటరు వల్ల కాదు. నలుగురు ఒకేసారి లేవడం వల్ల, లేవలేని వాణ్ని ఆపే సామాను తీసేయడం వల్ల. చుట్టించడానికి, పైపులు తీసి దించడానికి, మధ్యలో పక్కాయన దగ్గర నీళ్లు అడుక్కోవడానికి ఐదు రోజులు పట్టింది. కింది మడి తాలుపోయింది.

గొర్ల దొడ్డి తలుపు

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది మోటర్లలో కాదు, సాఫ్ట్‌వేర్‌లో. హైదరాబాదులో చేరిన రెండో ఏడు ఒక రాత్రి మేం చూసుకునే సర్వరు ఒకటి పడిపోయింది. కష్టపడి లేపినం. లేచిన మరుక్షణం మళ్లీ పడింది. మళ్లీ లేపినం, మళ్లీ పడింది. దాని కోసం ఎదురుచూస్తున్న వేల ప్రోగ్రాములు అది లేవగానే ఒక్కసారిగా మీద పడుతున్నాయి. దొడ్డి తలుపు తీయగానే గొర్లన్నీ ఒకేసారి దూరబోయినట్టు. ఒక్కటీ బయటపడదు.

మా టీములో పెద్దాయన చేసిన మందు చాలా చిన్నది. ప్రతి ప్రోగ్రామూ మళ్లీ ప్రయత్నించే ముందు కొన్ని సెకన్లు ఆగాలి, ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఆగాలి. ఒకటి మూడు సెకన్లు, ఇంకొకటి పదకొండు. అంతే. సర్వరు నిలబడింది. ఆ తెల్లవారుజామున నాకు సర్వరు కాదు, మా నీలం ఫేజు ఫ్యూజు గుర్తొచ్చింది.

ఆ దసరాకు ఇంటికి పోయినప్పుడు నలుగురు రైతులను కూసోబెట్టిన. ఆటో తీసేస్తే అన్నిటికన్నా మంచిదని చెప్పిన. ఎవరూ ఒప్పుకోలేదు. అట్లయితే ప్రతి డబ్బాలో ఒక టైమర్ పెట్టుకుందాం, కరెంటు వచ్చినంక ఒకరిది 20 సెకన్లకు, ఇంకొకరిది 40కి, తర్వాత 60కి, 80కి లేవాలన్న. అందరికీ నచ్చింది. మరి ముందు ఎవరిది? అక్కడ ఆగింది కథ. అరవై సెకన్ల తేడాకు గంటన్నర పంచాయితీ నడిచింది. "ముందు లేచినోని బోరే ముందు నీళ్లు గుంజుతది గదా" అన్నది వాదన. ఆఖరుకు చిట్టీలు వేసినం. బాపుకు నాలుగోది వచ్చింది. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

అప్పటి నుంచి గాలిదుమారాలకు ఫ్యూజులు పోతనే ఉన్నయి. కానీ కరెంటు రాగానే పోవుడు ఆగింది.

లక్ష్మీపూర్‌లో మీట ఎట్ల వేస్తారు?

మా పక్కనే, రామడుగు మండలం లక్ష్మీపూర్‌లో భూమి లోపల కట్టిన గాయత్రి పంప్‌హౌస్ ఉంది. కాళేశ్వరం ప్రాజెక్టులో భాగం. 2019 ఆగస్టులో అక్కడ మొదటిసారి నీళ్లెత్తారు. మొత్తం ఏడు మోటర్లు, బీహెచ్ఈఎల్ చేసినవి, ఒక్కోటి 139 మెగావాట్లు. నీళ్లను వంద మీటర్లకు పైగా ఎత్తుతాయి. మన 5 హెచ్‌పీ మోటరుతో పోలిస్తే ఒక్కొక్కటి 37 వేల మోటర్లకు సమానం. మా నాలుగు మోటర్లకే మా ట్రాన్స్‌ఫార్మర్ కుంగింది. ఇంత మోటరుకు ఒక్కసారిగా మీట వేస్తే చుట్టుపక్కల లైన్లన్నీ కుంగుతాయి.

అందుకే ఇంత పెద్ద మోటర్లను లేపడానికి వేరే దారి ఉంది. మోటరు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుందని చెప్పుకున్నం కదా: సెకనుకు 50 సార్లు ఊగితే నిమిషానికి 3000 చుట్లు, 25 సార్లయితే 1500. మరి ఫ్రీక్వెన్సీనే సున్నా నుంచి మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతే? మోటరు కూడా నిమ్మళంగా, పెద్దగా కరెంటు గుంజకుండా వేగం అందుకుంటుంది. పూర్తి వేగానికి వచ్చినంక, బయటి కరెంటుతో అడుగు కలిసిన క్షణం చూసి, లైనుకు కలుపుతారు.

అదే పని చిన్న మోటర్లకు చేసే పెట్టెను వీఎఫ్‌డీ అంటారు. సూటిగా చెప్పాలంటే వేగం మార్చే డ్రైవు. వచ్చిన ఏసీ కరెంటును ముందు డీసీగా మారుస్తుంది. తర్వాత ఆ డీసీని సెమీకండక్టర్ స్విచ్చులతో సెకనుకు వేల సార్లు కోసి, మనకు కావల్సిన ఫ్రీక్వెన్సీలో మళ్లీ మూడు ఫేజుల ఏసీగా కుడుతుంది. ఒక నియమం మాత్రం తప్పొద్దు. ఫ్రీక్వెన్సీ సగం చేస్తే వోల్టేజీ కూడా సగం చేయాలి. లేకపోతే మోటరులోని ఇనుము అయస్కాంతాన్ని మోయలేక, తీగల్లో కరెంటు పెరిగి వేడెక్కుతుంది.

ఈ డ్రైవులు మనకు తెలియకుండానే ఇంట్లోకి వచ్చేసినయి. పాత ఫ్యాను 75 వాట్లు తింటే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల తింటుంది, దాని లోపల ఉన్నది చిన్న డ్రైవే. ఎలక్ట్రిక్ స్కూటరుది కూడా అంతే, యాక్సిలరేటరు తిప్పితే డ్రైవుకే చెబుతున్నాం. 2019లో కేంద్రం మొదలుపెట్టిన పీఎం కుసుమ్ పథకం కింద పెట్టే సోలార్ పంపుల కంట్రోలరు కూడా ఇదే పని చేస్తుంది. మబ్బు పట్టి ఎండ తగ్గితే మోటరును ఆపేయదు, వేగం తగ్గించి ఉన్న బలంతోనే నడుపుతుంది.

"అయితే బోరుకు కూడా డ్రైవు పెట్టుకుంటే కరెంటు సగం మిగులుతదా?" అని మా ఊళ్లోనే ఒకరు అడిగిన్రు. అమ్మేవాళ్లు చెప్పే లెక్క నిజమే: పంపు వేగం 80 శాతానికి తగ్గిస్తే కరెంటు ఇంచుమించు సగానికి దిగుతుంది. కానీ అది నీళ్లను పైపుల్లో తోసే పనికి. రెండు వందల అడుగుల లోతు నుంచి ఎత్తే పనికి ఆ లెక్క పూర్తిగా కుదరదు. వేగం తగ్గితే నీళ్లెక్కే ఎత్తు అంతకన్నా ఎక్కువగా తగ్గుతుంది. కొంత దిగేసరికి మోటరు తిరుగుతూనే ఉంటది, నీళ్లు మాత్రం పైకి రావు. మెల్లగా లేపడానికి డ్రైవు బంగారం, కరెంటు మిగలడానికి మాత్రం బోరును బట్టి ఉంటుంది.

మెల్లగా లేవడం కూడా అన్ని చోట్లా మంచిది కాదు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులోకి పోతే ఇది తెలుస్తుంది. మగ్గం మోటరు చిన్నదే, ఎక్కువగా ఒక హెచ్‌పీ. కానీ అది ఒక్క గుంజుకే లేవాలి. ఎందుకంటే మొదటి దెబ్బ మెత్తగా పడితే పోగు సరిగ్గా దగ్గరికి పోదు, బట్టలో అడ్డంగా సన్నటి చార పడుతుంది. చార పడిన బట్టకు రేటు తగ్గుతుంది. కాబట్టి మగ్గానికి జోరుగా లేచే మోటరు కావాలి. పనిని బట్టి అదుపు.

ఈ యాసంగికి ముందు

డ్రైవులు, సోలార్లు మెల్లగా వస్తాయి. ఈలోపు మీ మోటరును కాపాడుకోవడానికి చేయాల్సినవి చిన్న పనులే.

సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ అనే చిన్న పెట్టె దొరుకుతుంది. మూడు ఫేజులనూ చూస్తుంది, ఏ ఒక్కటి పోయినా, తారుమారైనా మోటరును ఆపేస్తుంది. ఒక్కసారి మోటరు చుట్టించే ఖర్చు కన్నా చాలా తక్కువ. ఆటో కొనేముందు అందులో ఇది ఉందా అని అడగండి.

ఓవర్‌లోడ్ రిలేను డైరెక్ట్ చేయకండి. మోటరు పట్టీ మీద రాసిన ఆంపియర్ల దగ్గర రిలే ముల్లు పెట్టండి. అది కొట్టేస్తే ముల్లు పైకి తిప్పకుండా కారణం వెతకండి.

ఆటో తీసేయగలిగితే తీసేయండి. తీయలేకపోతే మీ ట్రాన్స్‌ఫార్మర్ మీది వాళ్లంతా కలిసి టైమర్లు పెట్టుకోండి. ఒక్కరు పెట్టుకుంటే సగమే లాభం. చిట్టీలు తప్పవు.

ఫ్యూజు తెగిందని దాంట్లో దొడ్డు తీగ పెట్టకండి. ఫ్యూజు తెగడం దాని పని. అది తెగకపోతే ట్రాన్స్‌ఫార్మర్ తెగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి మీరు పోకండి. లైన్‌మన్‌ను పిలవండి. రావడం ఆలస్యమైతే మడి ఎండుతదేమో, అంతే. స్టార్టర్ డబ్బాకు ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూపించండి. మోటరును మళ్లీ చుట్టించవచ్చు.

పోయిన నెల ఇంటికి పోయిన. సాయంత్రం గాలి లేచి కరెంటు పోయింది, వచ్చింది. వాకిట్ల కూసున్న బాపు ఏం మాట్లాడలేదు. పొలం ఇంటి వెనుకనే. మొదటి మోటరు పైపుల నీళ్ల చప్పుడు వినపడ్డది. కొంచెం ఆగి రెండోది. మూడోది. బాపు వేళ్ల మీద లెక్క పెట్టుకుంటాండు. మా పైపు దగ్గర నీళ్లు దుమికినయి.

"ఎనభై" అన్నడు. "సరిగ్గనే ఉన్నది."